మస్టాంగ్‌కి సూపర్‌చార్జర్: గోదావరి ఎండలో ఏ రకం నిలబడుతుంది?

భీమవరం, తణుకు, అమలాపురం, రాజమండ్రి చుట్టుపక్కల ఇప్పుడు స్పోర్ట్స్ కార్లు బాగానే కనిపిస్తున్నాయి. సంక్రాంతి మూడు రోజులూ అయితే ఇక చెప్పక్కర్లేదు. వాటిలో 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ మీద మనవాళ్లకి మోజు ఎక్కువ. టర్బో లేని 5 లీటర్ల వీ8 ఇంజిను (రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు), దాదాపు 400 హార్స్‌పవర్. ఆ కారు కొన్నవాళ్లు కొన్నాళ్లు తిరిగాక అడిగే ప్రశ్న ఒకటే: "సూపర్‌చార్జర్ పెడితే ఎలా ఉంటుందండీ? ఏ రకం పెట్టించమంటారు?"

సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ, ఇంజిన్లోకి మామూలుకన్నా ఎక్కువ గాలిని నెట్టే యంత్రం. టర్బో అదే పనిని ఇంజిన్ వదిలే పొగతో తిరిగి చేస్తుంది. యూట్యూబ్‌లో ఆ ప్రశ్నకి సమాధానాలు కావలసినన్ని ఉన్నాయి. కానీ అవి అమెరికా పెట్రోలు, అమెరికా రోడ్లు, అమెరికా చట్టాలు దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మన డెల్టాలో లెక్క వేరు. అందుకే నా మాట మొదటే చెబుతున్నాను. కిట్ పెట్టె మీద రాసిన హార్స్‌పవర్ అంకె చూసి ఎంచుకోకండి. ఏప్రిల్, మే మధ్యాహ్నం ఇంజిన్లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉంటుందో చూసి ఎంచుకోండి. మిగతా తేడాలన్నీ దాని తర్వాతే.

మస్టాంగ్‌ని ఉదాహరణగా తీసుకున్నాను గానీ టర్బో లేని ఇంజిన్ ఉన్న ఏ స్పోర్ట్స్ కారుకైనా ఇదే లెక్క. ఆడి ఆర్8 వీ10, పాత వీ8 బీఎమ్‌డబ్ల్యూ ఎమ్3, 6.2 లీటర్ల మెర్సిడెస్ సీ63, నిస్సాన్ 370జెడ్ అన్నీ ఈ కోవలోవే. మీ కారుకి కంపెనీయే టర్బో పెట్టి ఇచ్చి ఉంటే ఈ చర్చ మీది కాదు, మీ దారి ఈసీయూ ట్యూనింగ్, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్పించుకోవడం.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

వేడి. ఉప్పాడ తీరంలో రొయ్యపిల్లల హేచరీకి ఎప్పుడైనా వెళ్తే బ్లోయర్ గది చూపించమనండి. ట్యాంకుల్లోకి రాత్రింబగళ్లు గాలి పంపే ఆ యంత్రాన్ని రూట్స్ బ్లోయర్ అంటారు. లోపల రెండు లోబులు ఎదురెదురుగా తిరుగుతూ గాలిని ముందుకి నెడుతుంటాయి. లోపలికి పోయేది మామూలు గాలే. బయటికి వచ్చే ఇనుప పైపు మీద మాత్రం చెయ్యి ఆనించలేం. అక్కడ మంట ఏమీ లేదు, గాలిని నొక్కినందుకు పుట్టిన వేడి అది. 1860లో అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంటు తీసుకున్న యంత్రం ఇది. కార్ల సూపర్‌చార్జర్లలో ఒక రకం నేరుగా దీని సంతానమే.

ఇప్పుడు అంకెల్లో చూద్దాం. మామూలు వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ. దాని మీద 7 పీఎస్‌ఐ బూస్ట్ (అదనపు పీడనం) ఇస్తే ఇంజిన్‌కి దాదాపు ఒకటిన్నర రెట్ల పీడనంతో గాలి అందుతుంది. బయట 40 డిగ్రీలు ఉన్న రోజున, 60 శాతం సామర్థ్యం ఉన్న పాతకాలం రూట్స్ నుంచి ఆ గాలి సుమారు 100 డిగ్రీలకి వేడెక్కి వస్తుంది. 75 శాతం సామర్థ్యం ఉన్న కొత్త రకం అయితే సుమారు 90. బానెట్ కింది వేడి గాలినే పీల్చే కారైతే ఇంకా ఎక్కువ. ఈ గాలిని ఇంజిన్లోకి వెళ్లే ముందు చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాన్ని 55, 60 డిగ్రీలకి దించగలిగితే బాగా పనిచేసినట్టే. కానీ చాలా ట్యూన్లలో సరిగ్గా ఆ అంకె దగ్గరే ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణాన్ని, వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. అంటే లక్షలు పోసి కొన్న పవర్ ఎండాకాలం మధ్యాహ్నం కనిపించకుండా పోతుంది.

దీనికి తోడు మన గాలి. ధవళేశ్వరం దిగువన నేలంతా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి గాలి పీడనానికి లోటు లేదు. కానీ 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పలుచన. 35 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉంటే ఆ గాలిలో మరో 4 శాతానికి పైగా నీటి ఆవిరే. ఇదంతా కొంత సూపర్‌చార్జర్ పూడుస్తుంది నిజమే. వేడిని మాత్రం పూడ్చలేదు, పెంచుతుంది.

పెట్రోలు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పెట్రోలు నాకింగ్‌ని, అంటే సిలిండర్లో అదుపు తప్పి తనంతట తానే పేలడాన్ని, ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. అమెరికా కిట్ మీద "91 ఆక్టేన్" అని ఉంటే, మన బంకులో మామూలు పెట్రోలుకి కూడా చాలాకాలం 91 అనే చెప్పేవారు కదా అనుకుంటారు. ఆ రెండు 91లూ ఒకటి కావు. మనం లెక్కపెట్టేది రీసెర్చ్ ఆక్టేన్. వాళ్లు రీసెర్చ్, మోటార్ ఆక్టేన్ రెండింటి సగటు రాస్తారు. వాళ్ల 91 మన లెక్కలో 95, 96 అవుతుంది. కాబట్టి ఆ కిట్‌కి మనదగ్గర 95 ఆక్టేన్ పెట్రోలు కనీస అవసరం. అంతకన్నా పై రకం నగరాల్లో కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. హైదరాబాదులో 100 ఆక్టేన్ పోయించి ట్యూన్ చేయించుకుని, ఇంటికొచ్చి రావులపాలెంలో మామూలు పెట్రోలు పోయించారంటే నాకింగ్ మొదలైనట్టే. మస్టాంగ్ ఇంజిన్ కంప్రెషన్ అసలే 11:1, అంటే సిలిండర్లోకి వచ్చిన గాలిని పదకొండో వంతుకి నొక్కుతుంది. దాని మీద బూస్ట్ పెడుతున్నాం. వేడి గాలి, తక్కువ ఆక్టేన్ కలిస్తే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిపోతాయి. మీ ఇంటికి దగ్గర్లో, ఏడాది పొడుగునా దొరికే పెట్రోలు ఏదో ముందు కనుక్కోండి. ట్యూన్ దానికే చేయించుకోండి. పై రకం పెట్రోలు డబ్బాల్లో తెచ్చి ఇంట్లో నిల్వ పెట్టుకునే ఆలోచన మాత్రం వద్దు.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నాకింగ్‌ని కొంత అడ్డుకుంటుంది, అది మంచిదే. కానీ అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. సూపర్‌చార్జర్ పెట్టినప్పుడు పెద్ద ఇంజెక్టర్లు, గట్టి ఫ్యూయల్ పంపు ఎలాగూ వేస్తారు. వాటి సైజు లెక్కలో దీన్నీ కలపమని ట్యూనర్‌కి చెప్పండి.

ఎక్కడ నడుపుతారు. జాతీయ రహదారి ఎక్కితే కొంత దూరం ఊపిరి పీల్చుకోవచ్చు. దిగాక మనవన్నీ గట్టు రోడ్లు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు, మధ్యలో ఎదురెదురుగా రెండు కార్లు తప్పుకోవడమే కష్టం. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే కోనసీమ లంకల్లో కాజ్‌వేల మీదుగా నీళ్లు పారతాయి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి. వీటిలో ప్రతి ఒక్కటీ కింద చెప్పబోయే ఏదో ఒక రకానికి శత్రువు.

చట్టం. దీన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం సరికాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మారిస్తే, ప్రమాదం జరిగినప్పుడు మీ కారు నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే హక్కు వాళ్లకి దొరుకుతుంది. కాబట్టి ఇంజిన్ మార్చిన కారుకి సరైన చోటు ట్రాక్. పెద్ద ట్రాక్ ఒకటి చెన్నై శివార్లలో ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. రాజమండ్రి నుంచి సుమారు 600 కిలోమీటర్లు. ఫ్లాట్‌బెడ్ లారీ మీద తీసుకెళ్లే ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

డబ్బు. మస్టాంగ్ లాంటి కారుకి మంచి కిట్ అమెరికాలోనే సుమారు 7 వేల నుంచి 10 వేల డాలర్లు. దాని మీద రవాణా, కస్టమ్స్, బిగింపు, ట్యూనింగ్. పది లక్షలు దాటుతుందని అనుకునే దిగండి. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది కాబట్టి ఇంజిన్‌కి ఏదైనా అయితే విడిభాగాల వెతుకులాట అదనం.

## రూట్స్ రకం, అంటే ఇప్పటి టీవీఎస్

ఇంజిన్ పైన, రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో కూర్చుంటుంది. ఈటన్ కంపెనీ తయారుచేసే టీవీఎస్‌లో (మన టీవీఎస్ బండ్లకీ దీనికీ సంబంధం లేదు) రోటర్లకి నాలుగేసి లోబులు, 160 డిగ్రీల మెలిక ఉంటాయి. పాత రూట్స్ కన్నా వేడి తక్కువ, చప్పుడు కూడా తక్కువ.

దీని గొప్పతనం పికప్. 2,000 ఆర్‌పీఎం దగ్గరే దాదాపు పూర్తి బూస్ట్ వచ్చేస్తుంది. మన దగ్గర అమ్మిన మస్టాంగ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చింది, దానికి ఇది చక్కగా నప్పుతుంది. కాలు వేస్తే చాలు, పెద్ద ఇంజిన్ పెట్టినట్టు ఉంటుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని గాలిని తిప్పి పంపేస్తుంది కాబట్టి ఇంజిన్ మీద భారం కొద్దిగానే.

మన దగ్గర దీనికి రెండు చిక్కులు. మొదటిది కూర్చున్న చోటు. కింద ఇంజిన్ వేడి, పైన బానెట్. రైల్వే గేటు పడి ఓ పావుగంట ఏసీ వేసుకుని ఆగారనుకోండి. డయాగ్నస్టిక్ స్కానర్ తగిలించి చూస్తే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత 50 దాటి, 60 దాటి, ఆగకుండా ఎక్కుతూ పోతుంటుంది. అప్పటికి బూస్ట్ వాడనే లేదు. గేటు ఎత్తాక కాలు వేస్తే కారు బద్ధకంగా కదులుతుంది. ఈ రకానికి నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటుంది. ఒకసారి ఆ నీళ్లు వేడెక్కాయంటే మళ్లీ చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. కిట్‌తో వచ్చే ముందువైపు రేడియేటర్‌ని పెద్దది చేయించడం, పంపు సామర్థ్యం పెంచడం మనకి అదనపు సోకు కాదు, తప్పనిసరి ఖర్చు.

రెండోది తడి రోడ్డు. తక్కువ ఆర్‌పీఎం దగ్గరే అంత టార్క్ (తిప్పే బలం) వెనక చక్రాలకి వెళ్తే, వానలో గట్టు మలుపు దగ్గర కారు తోక తిప్పడానికి క్షణం పట్టదు. టైర్లు పాతవైతే అసలు ఆలోచించకండి.

## ట్విన్ స్క్రూ

స్వీడన్ ఇంజినీరు లిషోల్మ్ 1930ల్లో రూపం ఇచ్చిన పద్ధతి. రెండు మరలు ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతూ గాలిని లోపలే నొక్కి పంపుతాయి. 2005 ఫోర్డ్ జీటీలో ఉన్నది ఇదే. ఎక్కువ బూస్ట్ దగ్గర టీవీఎస్ కన్నా వేడి తక్కువ, పికప్ కూడా అంతే గట్టిది. దీనితో ఎంత దూరం పోవచ్చో తెలియాలంటే డాడ్జ్ హెల్‌క్యాట్‌ని చూడండి. 6.2 లీటర్ల ఇంజిన్, 707 హార్స్‌పవర్. పూర్తి వేగంలో ఆ సూపర్‌చార్జర్‌ని తిప్పడానికే 80 హార్స్‌పవర్ దాకా పోతుంది.

ఆ "ఎక్కువ బూస్ట్ దగ్గర" అన్న మాటే కీలకం. మన పెట్రోలుతో, ఇంజిన్ లోపల ఏమీ మార్చకుండా, 6, 7 పీఎస్‌ఐ దాటకూడదు. ఆ పరిమితిలో ట్విన్ స్క్రూకీ టీవీఎస్‌కీ తేడా చాలా చిన్నది, ధరలో మాత్రం పెద్దది. పిస్టన్లు, వాటిని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు ఫోర్జ్‌డ్‌వి (ఎక్కువ బలమైన రకం) వేయించి ట్రాక్ కోసమే కారు కడుతున్నవాళ్లు దీన్ని చూడాలి. మిగతావాళ్లకి దీన్ని పెట్టించమని నేను చెప్పను.

## సెంట్రిఫ్యూగల్

బెల్టుతో తిరిగే టర్బో అనుకోవచ్చు. ఇంజిన్ ముందు పక్కన బిగిస్తారు. లోపలి చక్రం నిమిషానికి 40 వేల సార్లకి పైగా తిరుగుతుంది. వోర్టెక్, ప్రోచార్జర్ ఈ రకంలో పేరున్నవి.

దీని బూస్ట్ ఇంజిన్ వేగంతో పాటు, ఆ వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 6,500 ఆర్‌పీఎం దగ్గర 7 పీఎస్‌ఐ ఇచ్చేది సగం వేగం దగ్గర 2 పీఎస్‌ఐ కూడా ఇవ్వదు. దీన్నే చాలామంది లోపం అంటారు: "కింద ఏమీ లేదండీ, పైకి వెళ్తేనే ఉంది." మన రోడ్లకి ఇది మంచిదే అని నా గట్టి నమ్మకం. గట్టు రోడ్డు మీద, తడిలో, జనంలో కారు కంపెనీ ఇచ్చినట్టే నడుస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో బలంగా తొక్కినప్పుడే నాకింగ్ ముప్పు ఎక్కువ, అక్కడ దీని బూస్ట్ కొద్దిగానే ఉంటుంది. కనెక్టింగ్ రాడ్ల మీద భారం తక్కువ. ఇంటర్‌కూలర్ ముందు బంపర్ వెనక ఉండే గాలి రకం. గేటు దగ్గర ఆగినప్పుడు ఇదీ వేడెక్కుతుంది. కానీ కారు కదిలి గాలి తగలగానే త్వరగా కోలుకుంటుంది.

ఒక పెద్ద జాగ్రత్త ఉంది. చాలా కిట్లలో ఎయిర్ ఫిల్టర్‌ని కింద, ముందు చక్రం పక్కన ఫెండర్ లోపల పెడతారు. ఎండాకాలంలో అక్కడ చల్లటి గాలి దొరుకుతుంది. వరద నీళ్లలో అదే ప్రాణం తీస్తుంది. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తే నీరు నొక్కుకుపోదు, రాడ్ వంగిపోతుంది. అల్లవరం, మామిడికుదురు, అయినవిల్లి లాంటి చోట్ల ఉండేవాళ్లు ఫిల్టర్‌ని పైకి మార్పించకుండా ఈ కిట్ తీసుకోవద్దు. పైన పెడితే కొంచెం వేడి గాలి పీలుస్తుంది, ఆ నష్టం భరించదగ్గదే. కోతల రోజుల్లో పొట్టు, ధూళి కూడా కింద ఉన్న ఫిల్టర్‌నే ముందు పడతాయి.

నూనె విషయం కూడా కనుక్కోండి. కొన్ని మోడళ్లు ఇంజిన్ ఆయిల్‌నే వాడుకుంటాయి, దానికి ఆయిల్ సంప్‌కి కన్నం వేయాలి. సొంత ఆయిల్ ఉన్న రకం తీసుకుంటే ఆ కన్నం తప్పుతుంది. ఆ సొంత ఆయిల్‌ని పదీ పన్నెండు వేల కిలోమీటర్లకోసారి మార్చాలి.

## టర్బో సంగతి

వృథాగా పోయే పొగతో తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ శక్తిని బెల్టులా తినదు. పవర్ కావలసినంత. కానీ సైలెన్సర్ పైపులన్నీ కొత్తగా కట్టాలి, బానెట్ కింద వేడి విపరీతం. ఇంకో మాట, కోతల కాలంలో రోడ్డు మీద పరిచిన గడ్డి కారు కిందికి చుట్టుకోవడం మనకి కొత్త కాదు. బాగా కాలిన ఎగ్జాస్ట్ దగ్గర ఎండు గడ్డి చేరితే నిప్పంటుకుంటుంది. టర్బో కిట్‌లో ఆ కాలే పైపులు ఇంకా ఎక్కువ, ఇంకా కిందికి. వీ8కి టర్బో కట్టడంలో చెయ్యి తిరిగిన షాపు పక్కనే ఉంటే తప్ప డెల్టాలో ఈ దారి వద్దు.

ఆన్‌లైన్‌లో కొన్ని వేలకి దొరికే ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ ఫ్యాన్ల గురించి కూడా అడుగుతుంటారు. 5 లీటర్ల ఇంజిన్ పూర్తి వేగంలో పీల్చే గాలికి 7 పీఎస్‌ఐ ఇవ్వాలంటే కనీసం 20 కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అంటే 1,600 ఆంపియర్లకి పైమాట. ఆ చిన్న ఫ్యాను అంత శక్తిని ఎక్కడినుంచి తెస్తుంది? డబ్బు పారేసుకోకండి.

## ఏమీ పెట్టకుండా ఉండడం

దీన్ని ఓటమిగా చూడొద్దు, ఇది కూడా పూర్తి స్థాయి ఎంపికే. అదే డబ్బులో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఎక్కువ వేడి తట్టుకునే బ్రేక్ ఫ్లూయిడ్, పెద్ద రేడియేటర్, కొన్నిసార్లు ట్రాక్ డే ఫీజు, ఒక మంచి డ్రైవింగ్ కోచ్ వస్తాయి. 400 హార్స్‌పవర్ కారుని ట్రాక్ మీద దాని అంచుదాకా నడపగలిగినవాళ్లు మనలో అతి కొద్దిమంది. ఇంకా శక్తి కావాలనిపిస్తే కంపెనీయే సూపర్‌చార్జర్ పెట్టి అమ్మిన కారు సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. జాగ్వార్ ఎఫ్‌-టైప్ వీ8 అలాంటిదే. ఆర్సీ, ఇన్సూరెన్సు గొడవ ఉండదు. కూలింగ్ మొదటినుంచీ దానికి తగ్గట్టే కట్టి ఉంటుంది.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | టీవీఎస్ | ట్విన్ స్క్రూ | సెంట్రిఫ్యూగల్ | టర్బో | ఉన్నది ఉన్నట్టు |
|---|---|---|---|---|---|
| బూస్ట్ మొదలు | కాలు వేయగానే | కాలు వేయగానే | పై ఆర్‌పీఎంలో | కొంచెం ఆగి | లేదు |
| గేటు దగ్గర ఆగితే | బాగా వేడెక్కుతుంది | బాగా వేడెక్కుతుంది | వేడెక్కినా త్వరగా కోలుకుంటుంది | బానెట్ కింద అంతా వేడి | ఇబ్బంది లేదు |
| తడి గట్టు రోడ్డు | చాలా జాగ్రత్త | చాలా జాగ్రత్త | కంపెనీ కారులాగే | హఠాత్తుగా టార్క్ | తెలిసిన కారే |
| వరద నీరు | ఫిల్టర్ పైన, ఫర్వాలేదు | ఫిల్టర్ పైన, ఫర్వాలేదు | ఫిల్టర్ కింద ఉంటే ప్రమాదం | కిట్‌ని బట్టి | కంపెనీ ఇచ్చిన హద్దే |
| బిగింపు | ఇన్‌టేక్ విప్పాలి | ఇన్‌టేక్ విప్పాలి | కొంత తేలిక | చాలా పని | లేదు |
| రోడ్డు మీద చట్టం | ఒప్పుకోదు | ఒప్పుకోదు | ఒప్పుకోదు | ఒప్పుకోదు | చిక్కు లేదు |

## మీరు ఎవరైతే ఏది

ఊళ్లో ఇంటి దగ్గర కారు పెట్టి, ఏడాదిలో పండక్కి మాత్రమే వచ్చి నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి నా సలహా: ఏమీ పెట్టించకండి. నెలల తరబడి కదలని కారులో ఇథనాల్ పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, కోనసీమ గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి, బెల్టు గట్టిపడుతుంది. వచ్చిన మూడో రోజున స్నేహితుల ముందు కాలు బలంగా వేస్తారు. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌ని అంతకన్నా ఘోరంగా వాడలేం. ఆ డబ్బుతో బ్యాటరీ చార్జర్, మంచి టైర్లు, ఏసీ గ్యారేజీ కట్టించుకున్నా కారు మీ పిల్లల దాకా ఉంటుంది.

ట్రాక్ డేల కోసమే కారు ఉంచుకున్నవాళ్లకి సెంట్రిఫ్యూగల్, 6 పీఎస్‌ఐ, పెద్ద ముందు ఇంటర్‌కూలర్. ట్రాక్ మీద ఇంజిన్ ఎలాగూ పై ఆర్‌పీఎంలోనే తిరుగుతుంది, కాబట్టి కింద బూస్ట్ లేదన్న లోటు తెలియదు. చెన్నై ఎండలో ల్యాప్ వెనక ల్యాప్ కొట్టినా గాలి తగులుతూనే ఉంటుంది. మంచి ట్యూన్‌తో, పెట్రోలు సరిగ్గా ఉంటే, 100 నుంచి 140 హార్స్‌పవర్ దాకా అదనంగా ఆశించవచ్చు. అంతకన్నా ఎక్కువ చూపిస్తామనే షాపుని ఏ పెట్రోలుతో, ఎంత వేడిలో అని అడగండి.

అసలు పికప్ కోసమే ఈ కోరిక పుట్టినవాళ్లు ఉంటారు, ఆ కాలు వేయగానే వెనక్కి నెట్టే బలం కావాలి. వాళ్లకి సెంట్రిఫ్యూగల్ ఇస్తే నిరాశపడతారు. టీవీఎస్ తీసుకోండి, కానీ కిట్ ధరలో పావు వంతైనా కూలింగ్‌కి పక్కన పెట్టండి. చిన్న పుల్లీ (బెల్టు చక్రం) వేసి సూపర్‌చార్జర్‌ని ఇంకా వేగంగా తిప్పి బూస్ట్ పెంచుదామన్న మాట ఎవరు చెప్పినా వినొద్దు. బూస్ట్ పెరిగితే వేడి కూడా పెరుగుతుంది, మన పెట్రోలులో దానికి చోటు లేదు.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు ఏ రకం తీసుకున్నా ముందువైపు అల్యూమినియం రేడియేటర్ రెక్కల్ని వారానికోసారి మంచినీళ్లతో కడగాలి. ఉప్పు పట్టిన రెక్కలు పొడిలా రాలిపోతాయి, ఆ తర్వాత ఎంత పెద్ద ఇంటర్‌కూలర్ ఉన్నా ఉపయోగం లేదు.

## ఆర్డరు పెట్టే ముందు

సిలిండర్లు పీడనాన్ని ఎంత బాగా పట్టి ఉంచుతున్నాయో చూపే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ రెండూ చేయించండి. ఎనిమిది సిలిండర్లలో ఒక్కటి మిగతావాటికన్నా తేడాగా ఉన్నా ఆ ఇంజిన్‌కి బూస్ట్ ఇవ్వకూడదు. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లటి రకం, గ్యాప్ తగ్గించి వేయాలి. గాలి ఇంధన నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ఎవరైనా ట్యూన్ చేస్తానంటే అక్కడినుంచి వచ్చేయండి. పూర్తి బూస్ట్‌లో ఆ నిష్పత్తి మీటరు పెట్రోలు స్కేలు మీద 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. అంకె అంతకన్నా పెరిగితే, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే, కాలు తీసేయాల్సిందే.

షాపుని అడగాల్సింది "ఎన్ని కార్లు చేశారు" అని కాదు. వాళ్లు చేసిన ఒక కారు డేటా లాగ్, అంటే కారు నడుస్తున్నప్పుడు సెన్సర్ల నుంచి తీసిన రికార్డు, చూపించమనండి. అందులో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, నాక్ సెన్సర్, స్పార్క్ టైమింగ్ మూడు గీతలూ ఒకే తెర మీద కనిపించాలి. ఉష్ణోగ్రత ఎక్కుతున్నకొద్దీ టైమింగ్ ఎలా తగ్గిందో వాళ్లు మీకు వివరించగలిగితే పని తెలిసినవాళ్లే.

మనవాళ్లు పండక్కి సిద్ధం కావాలని డిసెంబరులో బిగించి, అప్పుడే ట్యూన్ చేయించేస్తుంటారు. పొద్దున 20 డిగ్రీల చలిలో డైనో (కారు హార్స్‌పవర్ కొలిచే యంత్రం) మీద అంకెలు అందంగా వస్తాయి. ఆ ట్యూన్ మీద నాలుగు నెలలు నమ్మకంగా నడిపి, మే నెలలో అదే కాలు అదే బలంతో వేస్తారు. డబ్బు ఇచ్చేటప్పుడే షాపుతో రాయించుకోండి: ఏప్రిల్ నెలాఖరులో, మధ్యాహ్నం రెండింటికి, మీ ఊరి బంకులో పోయించిన పెట్రోలుతో మళ్లీ లాగ్ తీసి, ట్యూన్ సరిచేసి ఇవ్వాలని. ఆ పని అయ్యేదాకా పూర్తి బూస్ట్ వాడకండి.